ఎక్కాలు చాలని సంఖ్య

విదేశంలో పిల్లల్ని పెంచుతుంటే లెక్కల దగ్గర పేచీ తప్పదు. మనం ఎక్కాలు బట్టీపట్టి పెరిగినవాళ్లం. ఇక్కడి బడిలో జవాబు కన్నా అది ఎలా వచ్చిందో చెప్పడమే ముఖ్యం. మా అమ్మాయిని పదిహేడో ఎక్కం అప్పజెప్పమంటే, "కాలిక్యులేటర్ ఉందిగా అమ్మా, ఎందుకు టెన్షన్?" అంటుంది.

ఇద్దరికీ నచ్చిన సంఖ్య ఒకటి దొరికింది: 2147483647. చాలా వీడియో గేముల్లో స్కోరు ఇంతకు మించి పెరగదు. కంప్యూటర్ ఒక సంఖ్యకిచ్చే 32 బిట్లలో (ఒక్కోదాంట్లో 0 గానీ 1 గానీ ఉంటుంది) ఒకదాన్ని ప్లస్, మైనస్ గుర్తుకి వదిలేస్తే, మిగతా 31 బిట్లూ ఒకట్లతో నిండినప్పుడు వచ్చేది ఇదే. అంటే 31 రెండ్లను హెచ్చవేసి ఒకటి తీసేయడం. నేను 214 కోట్లంటే తను రెండు బిలియన్లంటుంది, కామాలు కూడా చెరో చోట పెడతాం. ఎలా చదివినా ప్రధాన సంఖ్యే.

"ప్రైమ్ అని ఎలా తెలుసు?" అంది. వీడియో కాల్‌లో ఉన్న మా నాన్నగారు అందుకున్నారు. "అంకెలు కూడు అమ్మలూ. 46 కదా, మూడుతో పోదు. చివర ఏడుంది, రెండు, ఐదూ కుదరవు." ఇలా వర్గమూలం దాకా, అంటే 46340 లోపు ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూడాలి. అవి నాలుగు వేలకు పైమాటే. తాతయ్యకి ఓపికుంది గానీ మనవరాలికి లేదు.

గణిత శాస్త్రవేత్త ఆయిలర్ దగ్గర ఇంకో దారి ఉంది. ఈ సంఖ్యని భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా ఉంటే, దాన్ని 62తో, అంటే 31కి రెట్టింపుతో, భాగించినప్పుడు 1 మిగలాలి, 8తో భాగిస్తే 1 గానీ 7 గానీ మిగలాలి. ఈ జల్లెడలో నిలిచేవి 373కి మించవు. 1772 నాటికి ఆయన ఇది ప్రధాన సంఖ్యేనని తేల్చేశాడు. నాలుగు వేలు వందల్లోకి దిగింది ‘ఎందుకు’ అని అడగడం వల్లే, ఇక్కడ బడికే నా ఓటు. కానీ మిగిలిన భాగహారాలు చేత్తో చేయాల్సిందేగా!

చిన్నదాని మీద చూద్దామని 2047 తీసుకున్నాం. ఇది 11 రెండ్లను హెచ్చవేసి ఒకటి తీసేస్తే వచ్చేది. కాబట్టి 22తో భాగిస్తే 1 మిగిలేవి కావాలి: 23, 45, 67, 89. ఎనిమిది షరతుతో మా అమ్మాయి 45, 67 కొట్టేసింది. ఇక 2047ని 23తో భాగించడం మొదలుపెట్టి, 204 దగ్గర ఆగిపోయింది. "ఇరవై మూడు ఎనిమిదులు నూట ఎనభై నాలుగు" అన్నారు ఫోన్‌లోంచి తాతయ్య. ఇరవై మిగిలింది, ఏడు దించితే 207. "ఇరవై మూడు తొమ్మిదులు!" అని ఈసారి తనే అరిచింది. 23, 89 రెండూ కారణాంకాలే. 2047 ప్రధాన సంఖ్య కాదు.

తర్వాత 8191 తనే ఎంచుకుంది. పదమూడు రెండ్లు కాబట్టి 26. వర్గమూలం 90 చిల్లర, ఆ లోపు 27, 53, 79. ఎనిమిది షరతు దాటింది 79 ఒక్కటే. ఒకే ఒక్క భాగహారం! చేస్తే 54 మిగిలింది. "ప్రైమ్!" అని తాతయ్యకి కాగితం చూపించింది. ఆయన నమ్మకుండా మూడు నుంచి మొదలుపెట్టారు.