స్టోక్ రోలో కాశీ రాజు బావి

ఇంగ్లండు పల్లె అందం చూడాలనుకునేవారు సాధారణంగా కాట్స్‌వోల్డ్స్ వైపు వెళతారు. నేను మాత్రం కాశీ రాజు తవ్వించిన బావి కోసం ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని స్టోక్ రోకు వెళ్లాను. రెడింగ్ దాటి చిల్టర్న్ గుట్టలెక్కే ఇరుకు దారి వెంట బీచ్ చెట్ల అడవులు కమ్ముకుని ఉంటాయి. ఆ పచ్చదనం చూస్తే ఇక్కడ ఒకప్పుడు తాగునీటికి కటకటలాడారంటే నమ్మబుద్ధి కాదు. కానీ ఈ గుట్టలు సుద్దరాతివి కావడంతో వాన నీరు పైన నిలవక లోతుకు ఇంకిపోతుంది. అందువల్ల జనం మట్టి తవ్విన గుంటల్లో నిలిచిన మురికి నీటితోనే గడుపుకునేవారు.

చెకుముకి రాళ్లతో కట్టిన సెయింట్ జాన్ చర్చిని చూసుకుని బావి దగ్గరికి నడిచాను. చర్చి 1846 నాటిది, అంటే ఈ ఊరికి గుడి ముందు వచ్చింది, బావి తరువాత వచ్చింది. ఇనుప స్తంభాలపై గుమ్మటం, దాని కింద నీరు తోడే యంత్రం మీద బంగారు రంగు ఏనుగు! ఆ పెంకుటిళ్ల మధ్య అది తప్పిపోయి వచ్చిన పెళ్లిపందిరిలా కనిపించింది.

దగ్గరలోని ఇప్స్‌డెన్‌కు చెందిన ఎడ్వర్డ్ ఆండర్డన్ రీడ్ ఉత్తర భారతంలో అధికారిగా ఉంటూ 1831లో ఆజంగఢ్‌లో బావి తవ్వించాడు. ఇంట్లో మిగిలిన కాసిని నీళ్లు తాగేసినందుకు తమ ప్రాంతంలో ఒక పిల్లవాడు తల్లి చేత దెబ్బలు తిన్న సంగతి ఆయన చెప్పగా విన్న కాశీ మహారాజా ఈశ్వరీప్రసాద్ నారాయణ్ సింగ్ ఆ మాట మరువలేదట. కేవలం 4 అడుగుల వెడల్పుతో 368 అడుగుల లోతున మనుషులే చేతులతో తవ్విన ఈ బావిని 1864 మే 24న, విక్టోరియా రాణి పుట్టినరోజున, ప్రారంభించారు. నిర్వహణ ఖర్చుల కోసం పక్కనే చెర్రీ తోట కూడా వేయించారు. దానం చేసి చేతులు దులుపుకోకపోవడం నాకు అన్నిటికంటే నచ్చింది.

అయితే 1857 తిరుగుబాటులో ఆంగ్లేయుల పక్షాన నిలిచిన సంస్థానాధీశుడి కానుక ఇది. బావి ప్రారంభానికి కొన్నేళ్ల ముందే, 1860-61లో, గంగా యమునల నడుమ కరువు ప్రజలను కబళించింది. అందుకే ఈ కథను కేవలం కరుణ కథగా చెప్పుకోవడానికి నాకు మనసొప్పదు. ఊరివారికి ఆ పేచీ లేదు: 1964లో శతజయంతికి ఎలిజబెత్ రాణి భర్త ప్రిన్స్ ఫిలిప్ వచ్చినప్పుడు గంగాజలం తెప్పించి ఈ బావిలో కలిపారు.