మిరియం మాత్ర వేళ

మా ఇంట్లో ఇద్దరు ఒకే మందు వేసుకుంటారు. మా ఆయనకు బీపీ మాత్ర ఆమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాములు. మా పిల్లి మిరియానికీ అదే మందు, కాకపోతే 2.5 మిల్లీగ్రాముల మాత్రను నాలుగు ముక్కలు చేసి అందులో ఒక్క ముక్క. అంటే 0.625 మిల్లీగ్రాములు. ఆ ముక్క చేతిలో పెట్టుకుంటే కందిపప్పు బద్ద కన్నా చిన్నది. దాన్ని రోజూ పిల్లి గొంతు దాటించడం నేర్చుకోవడానికి నాకు మూడు నెలలు పట్టింది.

మిరియాన్ని 2009లో మా అబ్బాయి స్కూలు బ్యాగులో పెట్టుకుని తెచ్చాడు. నల్లగా, గుండ్రంగా, అరచేతిలో పట్టేంత ఉండేది. పేరు కూడా వాడే పెట్టాడు. ఇప్పుడు వాడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటున్నాడు, మిరియం మాత్రం మాతో చెన్నైలోనే ఉంది, వేళచ్చేరిలో.

2023 ఆగస్టులో ఒకరోజు పొద్దున అది వంటగదిలోకి వస్తూ స్టూలు కాలికి గుద్దుకుంది. మళ్ళీ తలుపుకు గుద్దుకుంది. ఎత్తుకుని బాల్కనీలోకి తీసుకెళ్ళి చూశాను. అంత ఎండలోనూ కళ్ళల్లో నల్లగుడ్డు పెద్దదిగా విచ్చుకునే ఉంది. దగ్గర్లో ఉన్న క్లినిక్‌లో చూపిస్తే, ముసలిదైపోయింది కదా, ఇలాగే ఉంటుందన్నారు. నాకు మనసొప్పలేదు. మర్నాడు బుట్టలో కూర్చోబెట్టి, పైన తువ్వాలు కట్టి, ఆటోలో వేపేరికి తీసుకెళ్ళాం. అక్కడి పశువైద్య కళాశాల 1903 నాటిది. అక్కడ ఒక డాక్టరమ్మ మిరియం ముందు కాలికి చిన్న పట్టీ చుట్టి బీపీ చూసింది. 210. పిల్లికి బీపీ ఉంటుందని నాకు అప్పటిదాకా తెలీదు. 160 దాటితేనే ఎక్కువ కిందే లెక్కట. రక్తపరీక్షలో, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 3.1 వచ్చింది. కిడ్నీలు బలహీనపడ్డాయి, దాంతో బీపీ పెరిగింది, ఆ ఒత్తిడికి కంటి వెనకపొర ఊడింది. "అమ్మా, చూపు ఎంత తిరిగొస్తుందో చెప్పలేను. మాత్ర మాత్రం ఒక్కరోజు కూడా మానొద్దు" అంది. ఆ మాట మీదే మా ఇల్లు నడుస్తోంది.

మొదట నేను చేసిన తప్పు చెబుతాను, ఎవరికైనా పనికొస్తుంది. మాత్రను పొడి చేసి ఉడికించిన నెత్తళ్ళలో కలిపాను. వాసన చూసి వెళ్ళిపోయింది. రెండో రోజూ అంతే. మూడో రోజు నుంచి మందు కలపని నెత్తళ్ళు పెట్టినా ముట్టలేదు. ప్రాణం పెట్టి తినే చేపను ఎనిమిది రోజులు ఒదిలేసింది. ఈలోపల పెరుగన్నం, కాస్త ఉడికించిన కోడిమాంసం పెట్టి ఎలాగో నెట్టుకొచ్చాను, అయినా రెండొందల గ్రాములు తగ్గింది. పిల్లి రెండు మూడు రోజులు అసలేమీ తినకపోతే లివర్ దెబ్బతింటుందట. కిడ్నీ జబ్బున్న పిల్లులకు వేరే తిండి ఉంది, తెచ్చాం, మిరియం ముట్టలేదు. పస్తు ఉండటం కన్నా తినేదేదో తినడం మేలని డాక్టరమ్మే చెప్పింది. ఉప్పు వెయ్యకుండా, ఉల్లి, వెల్లుల్లి తగలకుండా వండితే చాలంది, ఆ రెండూ పిల్లులకు విషం. ఆరోజు నుంచి తిండి గిన్నెలోకి మందు పోలేదు.

తిండికే కాదు, అది పడుకునే చోటికి కూడా మందు వెళ్ళకూడదని తర్వాత తెలిసింది. మొదట్లో కిటికీ గట్టు మీద నిద్రపోతుంటే పట్టుకుని వేసేవాళ్ళం. వారం తిరిగేసరికి మాత్రల స్ట్రిప్పు చప్పుడైతే చాలు, మంచం కింద దూరేది. నా చేతి వాసనకే బెదిరిపోయేది. పద్నాలుగేళ్ళు నా ఒళ్ళో పడుకున్న పిల్లి నన్ను చూసి వెనక్కి జరిగితే నాకు అన్నం సయించలేదు. అందుకని మాత్రకు ఒక చోటు పెట్టాం, వాషింగ్ మెషీన్ పైన. ఒక గుడ్డ పెట్టాం, మా అమ్మ పాత నేత చీర ముక్క. వేళ కూడా ఒకటే, పొద్దున ఏడు. ఆ చోట, ఆ గుడ్డలో, ఆ వేళకు మాత్రమే మందు. మిగతా ఇల్లంతా, మిగతా రోజంతా దానిదే. ఇరవై రోజులకు కిటికీ గట్టు మీదికి తిరిగొచ్చింది.

వేసే పద్ధతి ఇది. పిల్లి ముఖం మనవైపు ఉండకూడదు, వెనక నుంచి పట్టుకోవాలి. చీరముక్కలో కాళ్ళు లోపలికి పోయేట్టు చుట్టి, ఎడమచేత్తో తల పట్టి, బొటనవేలు, చూపుడువేలు రెండు కోరల వెనక పెట్టి కాస్త పైకెత్తితే నోరు తెరుచుకుంటుంది. మాత్ర ముక్కను ముందే పేరుకున్న నేతిలో దొర్లించి ఉంచుతాను, జారుతుంది. నాలుక మీద ముందు వేస్తే ఉమ్మేస్తుంది, బాగా వెనక్కి వెయ్యాలి. నోరు మూసి గొంతు నిమరాలి. ముక్కు నాకిందంటే మింగినట్టు. అప్పుడు సూది లేని సిరంజితో 5 ఎం.ఎల్. నీళ్ళు పక్క నుంచి మెల్లగా. ఇది మానకూడదు. నీళ్ళు లేకుండా వేసిన మాత్ర పిల్లి ఆహారనాళంలో ఇరుక్కుని పుండు చెయ్యొచ్చు. ఇంకోటి, మా ఊరి గాలిలో తేమకు కోసిన ముక్కలు మెత్తబడతాయి. ఆదివారం రోజు వారానికి సరిపడా కోసి మూత గట్టిగా పట్టే చిన్న స్టీలు డబ్బాలో వేస్తాను.

ఒకరోజు నేను ఏడింటికి వేశాను. నేను స్నానానికి వెళ్ళినప్పుడు మా ఆయన, మర్చిపోయానేమోనని, మళ్ళీ వేశారు. ఇద్దరికీ కాళ్ళు చేతులు ఆడలేదు. డాక్టరమ్మకు ఫోన్ చేస్తే, కొన్ని పిల్లులకు ఆ మోతాదు కూడా ఇస్తాం, ఈరోజంతా కనిపెట్టుకుని ఉండండి అంది. రోజంతా దాని పక్కనే కూర్చున్నాను. ఆ సాయంత్రమే నిర్ణయం చేశాం. మా హాల్లో రోజుకో కాగితం చింపే క్యాలెండర్ ఉంటుంది, చెన్నైలో ప్రతి ఇంట్లో ఉండేదే. మాత్ర వేశాకే కాగితం చింపాలి. కాగితం ఉందంటే మాత్ర పడలేదన్నమాట. చింపిన కాగితం వెనక ఆ రోజు ఏం తిన్నది, ఎన్ని నీళ్ళు తాగింది, వాంతి అయిందా అని రాసి, వెనకటికి ఉత్తరాలు గుచ్చినట్టు ఇనప కమ్మీకి గుచ్చుతాం. మొదటిసారి ఆ కమ్మీని వేపేరికి తీసుకెళ్తే డాక్టరమ్మ ఒక్కొక్కటీ తిప్పి చదివింది. రెండు వారాలుగా తిండి తగ్గుతూ వచ్చిన సంగతి ఆ కాగితాల్లోనే పట్టుకుంది. ఆకలి పుట్టడానికి మిర్టజాపిన్ రోజు విడిచి రోజు మొదలుపెట్టింది ఆరోజే.

ఇక సెలైన్ సంగతి. కిడ్నీల కోసం మిరియానికి వారానికి మూడుసార్లు 100 ఎం.ఎల్. రింగర్ లాక్టేట్ అనే సెలైన్ చర్మం కిందికి ఎక్కించాలి. సూది గుచ్చడమంటే భయపడ్డాను గానీ, మాత్ర కన్నా ఇదే తేలిక. భుజాల మధ్య చర్మం పైకి లాగితే గుడారంలా లేస్తుంది, దాని కిందికి సూది. బాటిల్ కిటికీ గ్రిల్‌కు తగిలిస్తాం. ఎక్కిన నీరు ఒక పక్కకు జారి బొబ్బలా వేలాడుతుంది, కొన్ని గంటల్లో ఒంటికి పట్టేస్తుంది. ప్రతిసారీ కొత్త సూది, వాడినవి మందపాటి ప్లాస్టిక్ సీసాలో.

2023 డిసెంబరు 4న మిచాంగ్ తుఫాను వాన. పెద్ద వానొస్తే వేళచ్చేరి మునుగుతుందని అందరికీ తెలిసిందే. మేం మొదటి అంతస్తులో ఉన్నాం కాబట్టి నీళ్ళు ఇంట్లోకి రాలేదు, వీధిలో మాత్రం నడిచే వీల్లేదు. కరెంటు లేదు. బాటిల్లో 150 ఎం.ఎల్. మిగిలింది, డబ్బాలో ఐదు ముక్కలు. సెలైన్ చల్లగా ఉంటే పిల్లి వణికిపోతుందని గ్యాసు మీద నీళ్ళు కాచి, గిన్నెలో బాటిల్ నిలబెట్టి, పసిపిల్లల పాలకు చూసినట్టు మణికట్టు మీద చుక్క వేసుకుని చూశాను. మా ఆయన ఫోన్ టార్చి పట్టుకున్నారు. అంత చీకట్లో మిరియం కదలకుండా పడుకుంది. చూపు సగమే తిరిగొచ్చిన దానికి, చీకటైనా వెలుతురైనా మా గొంతే దారి కదా. అప్పటి నుంచి ఇంట్లో ఎప్పుడూ నెల రోజుల మందు ఉంటుంది.

ఇంకొక్క మాట. ఒళ్ళు వెచ్చగా ఉందని ఎదురింటి పిన్నిగారు పారాసిటమాల్ పావు ముక్క వెయ్యమన్నారు, మంచి మనసుతోనే. పిల్లి లివర్‌కు దాన్ని విరిచేసే శక్తి లేదు, రక్తం ఆక్సిజన్ మోయడం మానేస్తుంది, పావు ముక్కే ప్రాణం తియ్యొచ్చు. మనుషుల మందు డాక్టరు చెప్పకుండా పిల్లికి వెయ్యకండి. చేతులు పట్టుకుని చెబుతున్నాను.

మిరియానికి ఇప్పుడు 16 ఏళ్ళు. ఈరోజు కాగితం వెనక రాసింది ఇది: ఏడింటికి మాత్ర, ఒక్కసారికే మింగింది. పొద్దున నాలుగు నెత్తళ్ళు. మధ్యాహ్నం అరగిన్నె కోడి నీళ్ళు. బరువు 3.2. అబ్బాయి ఫోన్ చేసి పేరు పెట్టి పిలిస్తే చెవి అటు తిప్పింది. సెలైన్ రేపు.