ఏ ఆవు?

ఒడియాలో "ఆవు థరే" అంటే "ఇంకోసారి". పర్లాకిమిడిలో పుట్టిన మాకు ఎవరూ చెప్పక్కర్లేదు, మా వీధిలో సగం తెలుగు, సగం ఒడియా. ఫిజియోథెరపీ కుర్రాడు మొదటిరోజు అమ్మతో ఆ మాట ఇరవైసార్లు అన్నాడు. విశాఖ నుంచి వచ్చిన మా అమ్మాయి "నానమ్మా, ఏ ఆవు?" అనడిగింది. ఆపరేషన్ తర్వాత అమ్మ నవ్వడం అదే మొదలు.

అమ్మకి 76. శ్రావణంలో నూతిగట్టు దగ్గర నాచు మీద జారి కుడి తుంటి విరగ్గొట్టుకుంది. బరంపురంలో విరిగిన తొడ ఎముక పైకొసనుండే గుండు తీసేసి లోహపుది పెట్టారు. మర్నాడే వాకర్ పట్టించి నిలబెట్టారు కూడా. తప్పంతా ఇంటికొచ్చాక మేం చేసిందే. "ఎముక అతకాలంటే మూడు నెలలు కదలకూడదు" అన్నారు చుట్టాలు. విరిగిన గుండునే తీసేశాక ఇంకా అతికేదేమిటని మాకూ తట్టలేదు. అన్నీ మంచం దగ్గరికే అందించాం. మూడు వారాలకి తొడ కండ జారిపోయి చర్మం వదులుగా వేలాడింది.

కుర్రాడు టేపుతో రెండు తొడలూ కొలిచాడు. కుడిది మూడు సెంటీమీటర్లు తక్కువ. అమ్మనేమీ అనలేదు. "మావుసీకి మంచినీళ్ళు ఎవరిస్తున్నారు?" అన్నాడు. నేనే అన్నాను.

"రేపట్నించి ఇవ్వకండి."

వ్యాయామాలు చూస్తే పిల్లలాటల్లా ఉంటాయి. పడుకుని మడమ పరుపు మీద జరుపుతూ మోకాలు మడవడం, చుట్టిన తువ్వాలు మోకాలి కింద పెట్టి అదిమి అయిదు లెక్కపెట్టడం. అసలు కష్టం కుర్చీలోంచి లేవడం. గట్టి దిండు వేసి ఎత్తు పెంచినా, మూడోసారికే అమ్మ జాకెట్టు చెమటతో తడిసేది. అతను "ఏక, దుయి, తిని" అంటుంటే ఈవిడ తెలుగులో లెక్కపెట్టి, ఏడు తర్వాత ఏకంగా తొమ్మిది అనేసేది. అతనికి తెలుగొచ్చని అమ్మకి తెలీదు పాపం. నవ్వుకుంటూ "ఎనిమిది, మావుసీ" అన్నాడు.

నీళ్ళ చెంబు హాల్లో కిటికీ దగ్గర పెట్టాం, మంచానికి ఆరడుగులు. మొదటి రోజు దాహంతో నన్ను తిట్టింది. నేను వంటింట్లో నిలబడి విన్నాను, వెళ్ళలేదు. వెళ్ళకపోవడం నాకు ఆమె వ్యాయామం కంటే కష్టమైంది. కాసేపటికి వాకర్ చప్పుడు, ఆ తర్వాత చెంబు చప్పుడు.

రెండో నెలలో చేతికర్ర. దెబ్బ కుడివైపు కాబట్టి కర్ర ఎడమచేతిలో ఉండాలన్నాడు. "ఎడం చేత్తో కర్రేటిరా!" అని అమ్మ గొడవ. అరుగు మెట్లు మూడే. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు దెబ్బకాలు, కర్ర ముందు. దసరా నాటికి ఎవరి చెయ్యీ పట్టుకోకుండా గేటు దాకా వెళ్ళి కూరలబ్బాయితో బేరమాడింది. స్నానం కూడా తనే చేసుకుంటోంది, గోడకి బిగించిన రాడ్డు పట్టుకుని, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని. నన్ను బయటికి పొమ్మని తలుపు వేసుకున్న రోజు మాత్రం నాకు టెన్షన్‌తో కాళ్ళు ఆడలేదు.

ఒక్కటే కుదరలేదు. లోహపు గుండు పక్కకి జారే ప్రమాదం ఉంది కాబట్టి నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చోకూడదన్నారు, పీట కూడా వద్దన్నారు. కత్తిపీట అటకెక్కింది. బల్ల ముందు కూర్చుని చాకుతో వంకాయలు తరుగుతుంది. ముక్కలు ఒకలా రావడం లేదని రోజూ గొణుగుడే. నిన్న అడిగింది, "ఆ కుర్రాణ్ణి అడగరా, పండగలకైనా కత్తిపీట దింపొచ్చా అని."