శాలువా లేని ముప్పై ఏళ్లు

ఈ రికార్డుల పెట్టెలో సంస్థ స్థాపకుడి ఫొటో ఎక్కడుందని అడిగాను, అంతే. మా గిడ్డంగిలో నాతో పాటు రికార్డులు సర్దే పెద్దావిడ చేతిలోని టేపు బల్ల మీద పెట్టేసి, "ముఖాలు చూడడానికా ఈ సంగీతం? అట్ట మూలలు నలగకుండా సర్దు, చాలు" అని మందలించింది. వయసులో మా పెద్దమ్మ కన్నా పెద్దది. ఇక్కడి పద్ధతి ప్రకారం పేరు పెట్టి పిలుస్తాను గానీ, పిలిచిన ప్రతిసారీ నాలుక తడబడుతుంది.

అది 2021. టెక్నో అంటే యంత్రాలతో చేసే నృత్య సంగీతం. బెర్లిన్‌లో దాని రికార్డులు వేసే ట్రెజోర్ అనే సంస్థకు 30 ఏళ్లు నిండినందుకు వచ్చిన సంకలనం ఆ పెట్టె: 12 ఎల్పీ రికార్డులు, 52 ట్రాకులు. ఎత్తితే చేతులు గుంజుతాయి.

మనకైతే ముప్పై ఏళ్ల పండుగ ఎలా ఉండాలో ఎవరూ చెప్పనక్కర్లేదు. ముఖ్య అతిథి, శాలువా, జ్ఞాపిక, ప్రత్యేక సంచిక నిండా శుభాకాంక్షల ప్రకటనలు. సినిమా వంద రోజులు ఆడితే తెర వెనుక పనిచేసిన వాళ్లకూ షీల్డు అందేది. ఈ పెట్టెలో మాత్రం పాత కళాకారుల పక్కనే నిన్నగాక మొన్న వచ్చిన పిల్లలను కూర్చోబెట్టి, అదే ఉత్సవం అన్నారు. పెద్దలకు ఇచ్చే మర్యాద ఇదేనా అని ఆ పూటంతా లోపల గొణుక్కున్నాను.

ఆవిడ కోపానికి కారణం లేకపోలేదు. బెర్లిన్ గోడ కూలాక, 1991లో, వెర్ట్‌హైమ్ అనే పాత దుకాణం నేలమాళిగలోని ఇనుప ఖజానా గదిలో డిమిట్రి హేగెమన్, ఆయన మిత్రులు ట్రెజోర్ అనే డ్యాన్సు క్లబ్బు తెరిచారు. ఆ ఏడాదే రికార్డుల సంస్థ మొదలైంది. దాని తొలి రికార్డు 'ఎక్స్-101' బెర్లిన్ వాళ్లది కాదు. కార్ల పరిశ్రమ చితికిపోయిన అమెరికా నగరం డెట్రాయిట్ నుంచి, అండర్‌గ్రౌండ్ రెసిస్టెన్స్ అనే నల్లజాతి కళాకారుల బృందం చేసింది. అందులోని మైక్ బ్యాంక్స్ బయటికి వస్తే ముఖానికి గుడ్డ కట్టుకుంటాడు. అదే ఊరి ఇద్దరు కళాకారుల బృందం డ్రెక్సియా తామెవరో చెప్పుకోకుండానే రికార్డులు చేసింది. మనిషిని కాదు, వినబడేదాన్ని పట్టించుకోండి అన్నది వాళ్ల పట్టుదల. దీనికి నేను తల వంచుతాను.

అయినా మన శాలువాను తేలిగ్గా తీసిపారేయలేను. మా ఊళ్లో సన్నాయి వాయించే ఆయనకు ఆ శాలువాతో పూట గడవదు, నిజమే. కానీ ఆ రోజు వేదిక కింద ఆయన పిల్లలు కూర్చుని ఉంటారు. పేరు అక్కర్లేదనడం ఒక గొప్పతనమైతే, పేరు పెట్టి పదిమందిలో పిలవడం ఇంకొకటి. ఆవిడకు ఇది చెబితే భుజాలు ఎగరేసింది.

2024లో బెర్లిన్ టెక్నో సంస్కృతిని జర్మనీ తన అమూర్త సాంస్కృతిక వారసత్వ జాతీయ పట్టికలో చేర్చింది. వార్త చూసి ఆవిడ దగ్గరికి వెళ్లాను. "ఇది శాలువా కాదా? అదీ బెర్లిన్ భుజాల మీద! డెట్రాయిట్ సంగతేమిటి?" అన్నాను.

"వాళ్లు పిలిచినా రారు" అంది.

"వస్తారా రారా అన్నది తరువాత. ముందు పిలవాలి కదా!"