మా పైవాటాలో ఉంటున్న పెద్ద జంట

వైజాగ్‌లో మా ఎంవీపీ కాలనీ ఇంటి పైవాటాలో కిందటేడాది నుంచి ఒక అమెరికన్ జంట అద్దెకి ఉంటున్నారు. ఆయనకి డెబ్బై దగ్గర పడుతోంది, ఆవిడకి ఒకటి రెండేళ్ళు తక్కువ. ఊరు చూడ్డానికి వచ్చినవాళ్ళు కారు, ఉద్యోగానికి వచ్చినవాళ్ళూ కారు. కడవరి దిన పరిశుద్ధుల యేసు క్రీస్తు సంఘం అని ఒక చర్చి ఉంది, బయటివాళ్ళు మోర్మన్లు అంటారు, దాని తరఫున సేవకి వచ్చారు. ఈ మాట ఎవరికి చెప్పినా రెండే ప్రశ్నలు. మతం మార్చడానికా? జీతం ఎంతిస్తారట? వాకింగ్‌లో, ఫంక్షన్లలో, ఫోన్లో అందరికీ విడివిడిగా చెప్పే బదులు ఒకేసారి రాసేస్తే బాగుంటుందనిపించింది.

జీతం లేదు. ఇంటి అద్దె, తిండి, విమానం టికెట్లు, మందులు అంతా వాళ్ళ సొంత డబ్బే. ఆయన జీవితమంతా పనిచేసి దాచుకున్నదాంట్లోంచి తెచ్చుకుని ఇక్కడ ఖర్చుపెడుతున్నారు. ఆ చర్చిలో పిల్లల బాధ్యత తీరిన పెద్దవాళ్ళు ఇలా భార్యాభర్తలుగా 6 నెలల నుంచి 23 నెలల దాకా సేవకి వెళ్ళొచ్చట. ఎక్కడికి వెళ్ళాలని ఉందో చెప్పుకోవచ్చు, కానీ వచ్చిన ఉత్తరంలో ఏ దేశం ఉంటే ఆ దేశమే. వీళ్ళకి ఇండియా వచ్చింది, ఇండియాలో వైజాగ్ వచ్చింది. ఆ రోజు వరకూ వైజాగ్ అనే ఊరి పేరు కూడా వినలేదని ఆవిడే చెప్పారు.

ఇల్లిచ్చే ముందు మా వారు కొంచెం టెన్షన్ పడ్డారు, పేపర్లూ పోలీసులూ అంటూ. విదేశీయులకి ఇల్లిచ్చే ఓనర్లెవరైనా ఇది చదువుతుంటే చెప్తున్నాను, వాళ్ళు దిగిన 24 గంటల్లోపు వాళ్ళ వివరాలతో ఆన్‌లైన్‌లో ఒక ఫారం పెట్టాలి. పాస్‌పోర్టు, వీసా వివరాలు, ఫోటో, మన చిరునామా కావాలి. అది పెట్టాల్సింది అద్దెకి వచ్చినవాళ్ళు కాదు, మనం. టూరిస్టు వీసా మీద వచ్చి మతప్రచారం చేయడం మన దేశంలో నిషిద్ధం, ఆ నియమాలు ఆయనకి నాకంటే బాగా తెలుసు.

ఇక మొదటి ప్రశ్న. నేను సింహాద్రి అప్పన్న భక్తురాలిని, మా ఇంట్లో శనివారం దీపం మానింది లేదు. ఇన్ని నెలల్లో వాళ్ళు మాతో తమ మతం సంగతి వాళ్ళంతట వాళ్ళు ఎత్తలేదు. నేనే ఒకసారి ఉండబట్టలేక అడిగితే అడిగినంత వరకే చెప్పి, మీ స్వామి గురించి చెప్పండి అన్నారు. చందనోత్సవం గురించి చెప్పాను, ఏడాదంతా చందనం పూతలో ఉండే స్వామి వైశాఖ శుద్ధ తదియ నాడు మాత్రమే నిజరూపంలో కనిపిస్తాడని. ఆయన ఎన్ని ప్రశ్నలు అడిగారో! ఆ చందనం ఎవరు అరగదీస్తారు, ఎంతసేపు పడుతుంది అని కూడా అడిగారు. మన ఇంట్లో పిల్లలు అడగరు ఆ మాట.

విదేశీ మిషనరీలు ఈ ఊరికి కొత్త కూడా కాదు. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డే గ్రాంజ్ అని ఇద్దరు ఓడలో వచ్చి విశాఖపట్నంలో దిగారు. తెలుగు నేర్చుకున్నారు, ఆనందరాయరు అనే ఆయన సాయంతో సువార్తల్ని తెలుగు చేయడం మొదలుపెట్టారు. 1809లో క్రాన్, 1810లో డే గ్రాంజ్ పోయారు. అయిదేళ్ళు తిరిగేసరికి ఇద్దరూ లేరు. మా వారు ఈ సంగతి పైవాటా ఆయనకి చెప్పినప్పుడు ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత వాళ్ళకి పెళ్ళాం పిల్లలు ఉన్నారా అని అడిగారు. డే గ్రాంజ్‌కి భార్య ఉందని చెప్పారు మా వారు.

వీళ్ళ రోజు అయిదు గంటలకే మొదలవుతుంది. బీచ్ రోడ్డులో పొద్దున్నే బళ్ళు ఆపేస్తారు కదా, అప్పుడు ఇద్దరూ నడకకి వెళ్ళొస్తారు. వచ్చాక బాల్కనీలో కూర్చుని లేఖనాలు చదువుకుంటారు, ఆయన ఒక వచనం, ఆవిడ ఒక వచనం, పైకే చదువుతారు. కింద ముగ్గు వేస్తూ నాకు వినిపిస్తుంది. సోమవారం మాత్రం ఆ టైముకి ఫోన్. మనకి సోమవారం పొద్దున్న ఏడున్నర అంటే చలికాలంలో వాళ్ళ యూటాలో ఆదివారం రాత్రి ఏడు, పిల్లలూ మనవలూ అందరూ ఒకచోట చేరి వీడియో కాల్ చేస్తారు. వాళ్ళు ఇక్కడ ఉండగానే ఒక మనవరాలు పుట్టింది. ఆ పాపని ఇద్దరూ ఇప్పటిదాకా ఫోన్లోనే చూశారు. కాల్ అయిపోయాక ఆవిడ కాసేపు కిందకి వచ్చి మా వంటింట్లో స్టూలు మీద కూర్చుంటారు. నేను చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే తనూ తీస్తారు. ఆ పూట ఆవిడని నేను ఏమీ అడగను.

మొదట్లో నాకు పెద్ద చిక్కు కాఫీ దగ్గర వచ్చింది. ఇంటికి వచ్చినవాళ్ళకి కాఫీ ఇవ్వకుండా ఎలా పంపుతాం? వాళ్ళు కాఫీ, టీ రెండూ ముట్టరు. 1833లో వాళ్ళ ప్రవక్త జోసెఫ్ స్మిత్‌కి వచ్చిన ఉపదేశంలో ఉందట, మద్యం, పొగాకుతో పాటు వేడి పానీయాలు కూడా కూడదని, అంటే కాఫీ, టీ అని వాళ్ళు అర్థం చెప్పుకుంటారు. మజ్జిగ ఇచ్చాను, అలవాటు లేక ఇబ్బంది పడ్డారు. చివరికి చోడి అంబలి, అంటే రాగి అంబలి, కుదిరింది. రాత్రే చోడి పిండి నీళ్ళలో కలిపి ఉంచి, పొద్దున్న కాచి, చల్లారాక ఉప్పూ కాస్త మజ్జిగా వేసి, నంజుకోవడానికి ఉల్లిపాయ ముక్క ఇస్తాను. ఆయనకి ఎంత నచ్చిందంటే ఎండాకాలం మొత్తం అదే తాగారు. మే నెలలో మన వైజాగ్ ఉక్క తెలిసిందే, చొక్కా వేసుకున్న అయిదు నిమిషాలకి ఒంటికి అతుక్కుపోతుంది, ఆయన మాత్రం తెల్లచొక్కా, టై, పేరున్న నల్ల బ్యాడ్జీతోనే బయటికి వెళ్ళేవారు. ఆవిడ ఒళ్ళంతా చెమటకాయలు. మా టైలర్ దగ్గరికి తీసుకెళ్ళి పొందూరు నేతబట్టతో వదులుగా కుట్టించాక గానీ ఆవిడకి ప్రాణం కుదుటపడలేదు.

ఆదివారం ఏదీ కొనరు. అందుకని శనివారమే రైతు బజారుకి నాతో వస్తారు. నాలుగు మాటలు వచ్చు ఆవిడకి, ఎంత, వద్దు, చాలు, బాగుంది. కూరలమ్మే ముసలావిడ ఒకామె ఉంది, మొదటిసారి చూసి, "ఏటమ్మా, ఈ దొరసానమ్మ మీ ఇంట్లోనే ఉంటాందా? ఏటి తింటాదమ్మా పాపం" అని నన్ను అడిగింది. ఇప్పుడు నేను వెళ్ళకపోయినా ఆవిడకి ముదిరిన బెండకాయలు ఏరి పక్కన పడేసి లేతవి ఇస్తుంది. పెద్ద రోడ్డు దాటడం మాత్రం ఇంకా నా చెయ్యి పట్టుకునే. నెలలో మొదటి ఆదివారం ఇద్దరూ రెండు పూటలు తినకుండా ఉండి, ఆ తిండికి అయ్యే డబ్బు బీదవాళ్ళ కోసం చర్చిలో ఇస్తారు. మా అత్తగారు ఏకాదశి ఉండేవారు కాబట్టి ఇది నాకు వెంటనే అర్థమైంది.

మరి పొద్దున్నించి సాయంత్రం దాకా ఏం చేస్తారు అంటారా. నేనూ ఏదో ప్రసంగాలు చేస్తారనుకున్నాను. చాలా మటుకు పిల్లలతో పని. వాళ్ళ చర్చిలో బీవైయూ పాత్‌వే అని ఆన్‌లైన్ చదువు ఉంది, దేశాన్ని బట్టి ఫీజు తక్కువ ఉంటుంది, చర్చి సభ్యులే అయ్యుండక్కర్లేదు. ఇంటర్‌తో ఆగిపోయిన వాళ్ళు, పెళ్ళయ్యి చదువు వదిలేసిన ఆడపిల్లలు, షాపుల్లో పనిచేసుకునే కుర్రాళ్ళు చేరుతున్నారు. పాఠాలన్నీ ఇంగ్లీషులో, అక్కడే భయం. వారానికొకసారి ఆ పిల్లలందరినీ కూర్చోబెట్టి మాట్లాడించడం, ఎవరైనా రెండు వారాలు కనిపించకపోతే ఫోన్ చేయడం, ఇంటర్వ్యూకి వెళ్ళేవాళ్ళతో నాలుగైదుసార్లు ప్రశ్నలూ జవాబులూ చెప్పించడం, ఇదీ వాళ్ళ పని. ఇది కాక చిన్న మిషనరీల బాగోగులు. ఇద్దరిద్దరుగా తిరుగుతుంటారు చూడండి, వాళ్ళలో మన తెలుగు పిల్లలూ ఉన్నారు. వాళ్ళ గదులకి వెళ్ళి వంటిల్లు శుభ్రంగా ఉందా, దుప్పట్లు ఉతుక్కుంటున్నారా, ఒంట్లో బాగుందా అని చూసొస్తారు. ఒక కుర్రాడికి జ్వరం వస్తే ఆవిడ రాత్రి పదకొండింటికి నా దగ్గరికి వచ్చి మిరియాల చారు ఎలా పెట్టాలో అడిగి, పక్కన నిలబడి పెట్టించుకుని పట్టుకెళ్ళారు.

పోయిన ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణ మా వీధి చివర నుంచే వెళ్ళింది. కొండ కింద తొలి పావంచా, అంటే మొదటి మెట్టు, దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరి కొండ చుట్టూ 32 కిలోమీటర్లు నడిచే జనం, హనుమంతవాక, అప్పూఘర్ దాటి మా కాలనీకి వచ్చేసరికి కాళ్ళు ఈడుస్తూ ఉంటారు. మేం ఏటా మంచినీళ్ళూ మజ్జిగా పెడతాం. మేమూ నిలబడొచ్చా అని ఆయన అడిగారు. కమిటీలో ఒకరిద్దరు మొహాలు చూసుకున్నారు గానీ మా వారు రమ్మన్నారు. కాగితం కప్పులు రోడ్డంతా పడుతున్నాయని ఆవిడ పైకి వెళ్ళి వాళ్ళింట్లో ఉన్న స్టీలు గ్లాసులు, మా ఇంట్లోవి కూడా తెచ్చి, బకెట్టు పక్కన పీట వేసుకుని అర్ధరాత్రి దాకా కడుగుతూనే ఉన్నారు. ఆ మొహాలు చూసుకున్న వాళ్ళలో ఒకాయనే మర్నాడు ఆవిడకి ప్రసాదం పులిహోర పంపించాడు.

నాకు వీళ్ళని చూస్తే బాగా తగిలేది ఒక విషయం. మన వైజాగ్‌లో రిటైరైన జంటల్లో చాలామంది అమెరికా వెళ్ళొచ్చినవాళ్ళే. ఎందుకు వెళ్తాం? కూతురి పురిటికి, కోడలి ఉద్యోగానికి, మనవణ్ణి డేకేర్‌లో వెయ్యకుండా చూసుకోడానికి. నేనూ డాలస్‌లో మా అమ్మాయి దగ్గర ఉండొచ్చాను, ఇచ్చే ఆరు నెలలూ ఉన్నాను. అది తక్కువ పని అని నేను అనను, ఆ పసివాణ్ణి ఎత్తుకున్న సుఖం ఎక్కడా దొరకదు. కానీ మా వారికి అక్కడ ఏమీ తోచేది కాదు. కిటికీ దగ్గర కూర్చుని చెత్తబండి ఎప్పుడొస్తుందో చూసేవారు. ఇక్కడికి వచ్చాక కూడా ఆయన టీవీ ఆయనది, నా వంటిల్లు నాది. ఇన్నేళ్ళూ స్టీల్ ప్లాంట్ షిఫ్టులతో ఆయన, ఇంటి పనులతో నేను, కలిసి చేసిన పని ఏదీ అంటే పిల్లల పెళ్ళిళ్ళు తప్ప గుర్తురాదు.

పైన వాళ్ళు అలా లేరు. రాత్రి ఒకే బల్ల దగ్గర కూర్చుని రేపు ఎవరికి ఫోన్ చెయ్యాలో రాసుకుంటారు. ఫలానా అమ్మాయితో నువ్వు మాట్లాడు, నాతో సిగ్గుపడుతుంది అంటారు ఆయన. చిన్న చిన్న గొడవలు కూడా వినిపిస్తాయి, ఆయన తొందర మనిషి, ఆవిడ నిదానం. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఇంతసేపు కలిసి ఉన్నది ఇప్పుడే అని ఆవిడ ఒకసారి నాతో అన్నారు. మనవల్ని వదిలి రావడం కష్టంగా లేదా అని అడిగితే, కష్టమే అన్నారు, రోజూ కష్టమే అన్నారు. అది దాచకుండా చెప్పినందుకే నాకు ఆవిడ మీద గౌరవం పెరిగింది. త్యాగం, ఆనందం అని పెద్ద మాటలు చెప్పి ఉంటే నేను నమ్మేదాన్ని కాదు.

దీపావళి వెళ్ళాక ఒకరోజు ఆయన మెట్లు దిగొచ్చి మా వారిని ఒక మాట అడిగారు. పిల్లలు లెక్కల దగ్గర ఆగిపోతున్నారు, శాతాలు, భిన్నాలు, ఎక్సెల్ షీట్లు, నేను ఇంగ్లీషులో చెప్తే తల ఊపుతున్నారు గానీ ఎక్కడంలేదు, మీరు తెలుగులో చెప్తారా అని. మా వారు చర్చికి రానన్నారు. రానక్కర్లేదు, పిల్లల్నే పంపుతానన్నారు ఆయన. ఇప్పుడు బుధవారం, శుక్రవారం సాయంత్రాలు మా వరండాలో చాపలు వేస్తున్నాం. ఒక అమ్మాయి పూర్ణా మార్కెట్లో బట్టల కొట్లో పని దిగి రెండు బస్సులు మారి వస్తుంది. ఆ అమ్మాయికి లెక్కలు చెప్పడానికి మా వారు ఆమె కొట్లో డిస్కౌంట్ల చీటీనే తెచ్చుకోమన్నారు, దానితోనే శాతాలు మొత్తం చెప్పేశారు. టిఫిన్ సంగతి నాది. ఉప్మా అయితే అందరికీ సరిపోతుంది, అట్లు అయితే నేను పెనం దగ్గరే ఉండిపోవాలి కాబట్టి వెయ్యను, ఎందుకంటే పిల్లల చేత ఇంగ్లీషు చదివించి వినే పని నాకు అప్పగించారు.

వాళ్ళ గడువు జూన్‌తో అయిపోతుంది. తర్వాత ఇంకో జంట వస్తారో లేదో వాళ్ళకీ తెలియదట. ఆ మనవరాలు అప్పటికి నడుస్తూ ఉంటుంది. మా అమ్మాయి కిందటివారం ఫోన్ చేసి, చిన్నవాడికి స్కూలు మార్చాం, జనవరిలో వచ్చెయ్యండి, టికెట్లు బుక్ చేసేస్తాను అంది. మా వారు ఫోన్ నా చేతిలోంచి తీసుకుని, పిల్లలకి ఈ టర్మ్ ఏప్రిల్‌లో అయిపోతుంది, మే నెలకి చూడమ్మా అన్నారు. అది ఏ పిల్లల గురించి అంటున్నారు నాన్నా అని అడిగితే, అరగంట కూర్చుని చెప్పారు.