షెడ్డులో అయిదు నెలలున్న పెట్రోలు

నార్పల దగ్గరి మా చీనీ తోటలో మందు కొట్టడానికి వాడే తైవాన్ స్ప్రేయర్‌ను సంక్రాంతి తర్వాత రేకుల షెడ్డులో పెట్టి, మళ్ళీ జూన్‌లో వాన పడ్డాక బయటికి తీశాను. ట్యాంకులో అర లీటరు దాకా పెట్రోలు మిగిలే ఉంది. చోకు వేసి ఇరవై సార్లు తాడు లాగినా నా భుజం పట్టేసిందే తప్ప ఇంజను అందుకోలేదు.

అనంతపురంలో మెకానిక్ కార్బొరేటర్ కింది గిన్నె విప్పగానే పాత రంగు డబ్బా మూత తీసినట్టు వాసన వచ్చింది. గిన్నె అడుగున తేనె రంగు జిగురు, అంచుల వెంట తెల్లటి పొడి కనిపించాయి. పెట్రోలు సన్నగా బయటికొచ్చే జెట్టును వెలుతురుకు ఎత్తి చూస్తే రంధ్రమే కనబడలేదు. కరెంటు వైరులోంచి ఒక్క రాగి పోగు లాగి దానితో పొడుస్తూ, "ఎప్పుడు పోసిన పెట్రోలన్నా ఇది? అంతా ఇథనాల్ మహిమ" అన్నాడు.

ఇథనాల్ అంటే ఈ రోజుల్లో పెట్రోలులో కలుపుతున్న ఆల్కహాలు. ఆ మాటలో సగమే నిజమని నా అభిప్రాయం. పెట్రోలులో తేలికైన భాగం ముందుగా ఆవిరైపోతుంది. చల్లటి ఇంజను అందుకోవడానికి కావలసినది ఆ భాగమే. మిగిలినది నలభై డిగ్రీలు దాటే మా ఎండలకు గాలితో కలిసి జిగురుగా మారుతుంది. ఇథనాల్ కలపని రోజుల్లోనూ ఇది జరిగేదే. ఇథనాల్ తెచ్చిపెట్టిన కొత్త చిక్కు నీటిని పీల్చుకోవడం. ఆ తేమ అల్యూమినియం, జింకు భాగాలను తినేస్తుంది, గిన్నెలోని తెల్లపొడి దాని పనే కావచ్చు. ఇథనాల్‌కు తట్టుకునేలా చేయని పాత రబ్బరు పైపులు కూడా దానివల్ల ఉబ్బి మెత్తబడతాయి.

నీరు మోతాదు మించితే ఇథనాల్ పెట్రోలును వదిలి నీటితో కలిసి అడుగుకు చేరుతుంది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే మా జిల్లాలో ఒక్క గాలి తేమతోనే అంత నీరు చేరుతుందని నేను అనుకోను. మూత సరిగా బిగించని డబ్బా వానలో తడిసినప్పుడో, బండి కడిగినప్పుడో చేరుతుంది. పెట్రోలులోనే ఆయిలు కలిపి నడిపే నా స్ప్రేయర్ లాంటి టూ స్ట్రోక్ ఇంజనుకు ఇది మరీ ప్రమాదకరం, ఎందుకంటే మనం కలిపిన ఆయిలు పైనున్న పెట్రోలుతోనే ఉండిపోగా, పైపు అడుగు నుంచి ఆయిలు లేని ద్రవాన్ని లాగుతుంది. అదృష్టవశాత్తూ ఇంజను అందుకున్నా పిస్టన్ గీసుకుపోయి పట్టేసే అవకాశం ఉంది.

కర్నూలులో ఉండే మా బావగారి పాత కారు నెలకొకసారి కూడా కదలదు. దాని ట్యాంకు వ్యవస్థ మూసినట్టుగా ఉంటుంది కాబట్టి ఆవిరి నష్టం తక్కువ, ఇంతవరకు మొరాయించలేదు. ఆయన బాధంతా మైలేజీ గురించే. ఇథనాల్‌లో శక్తి పెట్రోలుకంటే దాదాపు మూడో వంతు తక్కువ కనుక ఆ బాధ వట్టిది కాదు. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు, అంటే E20 తో పాత తరహా కార్లకు మైలేజీ 6 నుంచి 7 శాతం, ద్విచక్ర వాహనాలకు 3 నుంచి 4 శాతం తగ్గవచ్చని 2021లో నీతి ఆయోగ్ నివేదికే అంచనా వేసింది. 2030 నాటికి అనుకున్న 20 శాతం లక్ష్యాన్ని 2025-26కు ముందుకు జరిపారు. పాత బండ్లు మాత్రం రోడ్ల మీద అలాగే ఉన్నాయి.

ఇప్పుడు నేను వారానికి సరిపడా పెట్రోలే తెచ్చి, ఆయిలును ఏ పూటకు ఆ పూట కలుపుకుంటున్నాను. పని ముగిశాక ట్యాంకు ఒంపేసి, గిన్నెలో మిగిలింది అయిపోయి ఇంజను తానే ఆగేదాకా నడిపిస్తున్నాను. ఆ రోజు ట్యాంకులోంచి తీసిన పెట్రోలును పారబోద్దామంటే మెకానిక్ ఒప్పుకోలేదు, బండ్ల చైన్లు కడగడానికి పనికొస్తుందని ఒక సీసాలో పోసి పక్కన పెట్టుకున్నాడు.