వృత్తి: ఇతరములు

పడుకున్నా గానీ నిద్ర పట్టక లేచొచ్చి టైపు చేస్తున్నా. "మళ్ళీ ఆ ఫారం గొడవేనా" అని ఈవిడ అటు తిరిగి పడుకుంది. అవును, అదే.

పొద్దున ఫారం నింపే కుర్రాడు వృత్తి ఏంటన్నాడు. గిడ్డంగిలో అన్నా. అర్థం కాలేదు. గోడౌనన్నా. "ఓ, గోడౌనా! మూటలు మోస్తారా?" అంటూ జాబితాలో పైకీ కిందికీ వెతికి, చివరికి 'ఇతరములు' నొక్కేశాడు.

తమాషా ఏంటంటే, గోడౌన్ మొదట్నుంచీ ఇంగ్లీషు మాటేం కాదు. మలయావాళ్ళ 'గుదాంగ్' నుంచి వచ్చింది. ఆ గుదాంగ్ కూడా మన గిడ్డంగి, తమిళుల కిడంగుల నుంచే వెళ్ళిందంటారు. ఓడెక్కి పోయిన మాట వేషం మార్చుకుని తిరిగొస్తే, అసలుదాన్ని మర్చిపోయాం. రోమన్లయితే గిడ్డంగి చూసుకునేవాణ్ణి హొర్రియారియస్ అనేవాళ్ళు. రెండు వేల ఏళ్ళ కిందటి పేరుకి ఇవాళ్టి ఫారంలో గడి లేదు!

అయినా "మోస్తారా" అంటే నాకెందుకంత పౌరుషం? మొదట్లో మోసినవాణ్ణే కదా. 1889లో లండన్ రేవు కూలీలు గంటకి 6 పెన్నీలు ఇమ్మని ఐదు వారాలు పని మానేస్తే రేవే స్తంభించింది. ఇచ్చారు.

నేను చేరిన కొత్తల్లో పెద్దాయన ఒకరుండేవారు. స్టాకంతా ఆయన బుర్రలోనే. ఓ సాయంత్రం కరెంటు పోయింది, బయట లారీవాడు హారన్ మీద చెయ్యి తియ్యడు. పెద్దాయన టార్చి కూడా అడగలేదు. అరలు వేలితో తడుముకుంటూ వెళ్ళి, "కింద నుంచి రెండోది, మూల నొక్కుకుపోయి ఉంటుంది, లాగు" అన్నారు. లాగి తడిమి చూశా. మూల నొక్కుకుపోయే ఉంది.

ఇప్పుడు నా మణికట్టుకో స్కానరు. చూపించిన అర దగ్గరికెళ్ళి కుయ్‌మనిపించాలి, తర్వాతి అరకి పోవాలి. మధ్యలో ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకుంటుంది. చెప్పులో రాయి దులుపుకున్నా అదీ లెక్కే. ఇవాళ నీళ్ళు తాగొచ్చేసరికి నా పేరు పక్కన ఎర్ర గీత. మావాడి వయసున్న సూపర్‌వైజరు "అంకుల్, కొంచెం స్పీడ్" అన్నాడు. ఒళ్ళు మండింది.

ఆ రోజులే నయమని రాద్దామనే కూర్చున్నా. కానీ పెద్దాయన నడుం పట్టేసి నాలుగు రోజులు రాకపోతే, ఒక్క పెట్టె దొరక్క మేం పడ్డ అవస్థ గుర్తొచ్చింది. తిరిగొచ్చాక ఇక వంగలేకపోయారు. స్టూలు మీద కూర్చుని ఆయన చెప్పడం, మేం లాగడం. దుకాణంలో మొదటి బార్‌కోడు కుయ్‌మంది 1974 జూన్ 26న, అమెరికాలో, ఓ చూయింగ్ గమ్ ప్యాకెట్టు మీద. అది మా దాకా వచ్చేసరికి ఆయన నడుం అయిపోయింది. కాబట్టి స్కానరు మీద నాకు కోపం లేదు. పెట్టెల్ని లెక్కపెట్టుకోమనండి, నన్నెందుకు?

అన్నట్టు, నెల్లాళ్ళుగా లెక్క తేలని పెట్టె ఇవాళ నాకే దొరికింది. ఆ అర ఖాళీ అని స్కానరు చూపిస్తోంది, వెనకాల పెట్టె కూర్చునుంది.

లైటు ఆర్పుదామంటే కళ్ళజోడు కవరు కనిపించట్లేదు. "పై అర, ఎడం మూల," అంటోంది ఈవిడ, కళ్ళు తెరవకుండానే.